గుహ మానేయండి, గుట్టెక్కండి: కాప్రికి ఒక్కరోజు

ఇటలీలోని నేపుల్స్ నుంచి కాప్రి దీవికి ఒక్కరోజులో వెళ్లిరావడం ఎలా అని నన్ను అడిగేవాళ్లు ఏడాదికి ఐదారుగురు తేలతారు. జర్మనీలో ఉంటున్నానన్న పాపానికి. అడిగే తీరు కూడా ఒక్కటే. ముందు వాట్సాప్‌లో బారెడు జాబితా వస్తుంది, వెనకాలే "ఇవన్నీ ఒక్కరోజులో అవుతాయా అన్నా?" అని ప్రశ్న. ఆ జాబితాలో మొట్టమొదట, లోపల సముద్రపు నీళ్లు నీలంగా వెలిగే నీలి గుహ ఉంటుంది. నా జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే: గుహ కొట్టెయ్, మిగతావి అవుతాయి. అంతే, అవతలివాళ్లకి నా మీద నమ్మకం పోతుంది. తాజ్‌మహల్ మానేసి ఆగ్రా చూసి రమ్మన్నట్టుంటుంది కాబోలు. అందుకని నా వాదన ఏమిటో ఒకసారి తీరిగ్గా రాసి పెడుతున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మొదటిసారి అలాంటి జాబితా పట్టుకుని బయల్దేరింది నేనే. నడివేసవి జూలై. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. వాళ్లిద్దరూ, మా ఆవిడ, ఏడేళ్ల మా అమ్మాయి, నేను. ఎక్సెల్‌లో గంటకో గడి పెట్టాను, గడికో రంగు వేశాను. తొమ్మిదిన్నరకి రేవు, పదింటికి గుహ, పన్నెండుకి పైన ఊళ్లో, ఒంటిగంటకి భోజనం, రెండింటికి కుర్చీల లిఫ్టు. నాన్న ఆ షీటంతా చూసి ఒక్కటే అడిగారు, "గోర్కీ ఉన్న ఇల్లు అక్కడే కదరా, చూపిస్తావా?" అని. నాలుగింటి గడిలో నాన్న కోసం ఆ రష్యన్ రచయిత పేరు, "గోర్కీ" అని టైపు చేశాను. పసుపు రంగు వేశాను.

హైడ్రోఫాయిల్ (వేగంగా పోయే పడవ) మమ్మల్ని కాప్రిలోని మరీనా గ్రాందే రేవులో దింపేసరికి మా ముందు దిగిన మూడు నాలుగు పడవల జనం అక్కడే ఉన్నారు. గుహకి తీసుకెళ్లే మోటారు పడవ కోసం ఒక వరుస. అది దాటి, పడవెక్కి, కొండ అంచు పట్టుకుని వాయవ్యపు మూలకి చేరాక అసలు వరుస మొదలైంది, నీళ్ల మీద. గుహలోకి మోటారు పడవ పట్టదు. నలుగురు పట్టే చిన్న తెడ్ల పడవలు వచ్చి, మనల్ని ఇందులోంచి అందులోకి ఎక్కించుకుని, అక్కడ తేలుతున్న కౌంటరు దగ్గర ఇంకో టికెట్టు కొనిపించి లోపలికి తీసుకెళ్తాయి. అంతదాకా మోటారు పడవ ఇంజిను ఆపేసి అలల మీద ఊగుతూ ఉంటుంది. మేం గంటన్నర ఊగాం. పదిహేను నిమిషాలకి అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అరగంటకి మాట మానేసింది. తర్వాత జరిగింది రాయను. మా అమ్మాయి మాత్రం నాయనమ్మ వీపు నిమురుతూ, "ఇంకెంతసేపు నాన్నా?" అని నన్నే ముద్దాయిని చూసినట్టు చూస్తూ కూర్చుంది.

గుహ నోరు నీటి మీదికి ఇంచుమించు మీటరు ఎత్తుంటుంది. తల తగలకుండా పడవ అడుగున వెల్లకిలా పడుకోవాలి. పడవవాడు రాతికి బిగించిన గొలుసు అందుకుని, అల కిందికి దిగిన క్షణం చూసి ఒక్క గుంజు గుంజుతాడు. లోపల ఉన్నాం. ఐదు నిమిషాలు. ఒక చుట్టు, ఒక పాట, చేతిలో పెట్టాల్సిన నాలుగు డబ్బులు. మళ్లీ పడుకోవడం, మళ్లీ గుంజుడు.

ఆ నీలం అబద్ధం కాదు, ఆ మాట గట్టిగానే చెప్పాలి. గుహ నోటి కిందే, నీటి అడుగున, అంతకన్నా పెద్ద కంత ఒకటి ఉంది. ఎండ అందులోంచి నీళ్లలో ఈదుకుంటూ లోపలికి వస్తుంది. వచ్చే దారిలో ఎరుపుని నీళ్లు తాగేస్తాయి, నీలం మిగులుతుంది. అది కింది నుంచి పైకి వెలుగుతుంది కాబట్టి మన పడవ గాలిలో తేలుతున్నట్టుంటుంది, నీళ్లలో పెట్టిన చెయ్యి వెండిలా మెరుస్తుంది. 1826లో జర్మన్ కవి, చిత్రకారుడు ఆగస్ట్ కోపిష్ స్థానిక జాలరి సాయంతో ఈదుకుంటూ లోపలికి వెళ్లి, బయటికి వచ్చి దీని గురించి రాశాడు. యూరప్ యాత్రికులకి కాప్రి పిచ్చి పట్టించింది ఆ రాతే. కనిపెట్టింది ఆయనే అంటే మాత్రం పొరపాటు. రోమన్లకి ఈ గుహ బాగా తెలుసు, అడుగు నుంచి వాళ్ల కాలపు విగ్రహాలు 1964లో బయటపడ్డాయి. ఇదంతా అమ్మకి చెప్పబోయాను. "బొర్రా గుహల్లో అయితే నేల మీద నడవచ్చు" అంది.

మేం మళ్లీ రేవులో కాలు పెట్టేసరికి ఒంటిగంట దాటింది. పైన ఊరికి వెళ్లే ఫ్యూనిక్యులర్ (తాడు లాగే కొండ రైలు) దగ్గర వరుస, ఆ తర్వాత బస్సు దగ్గర వరుస. ఎక్సెల్ గడులన్నీ కిందికి జారుతూ పోయాయి. పసుపు గడి వంతు వచ్చేసరికి ఐదున్నర, మా తిరుగు పడవ ఆరింటికి. నాన్న ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

గుహ అందం గురించి నాకు పేచీ లేదు, అది తినే పూట గురించే నా పేచీ. ఒక్కరోజు కోసం వెళ్లేవాడి చేతిలో నేల మీద గడిపే సమయం ఎనిమిది తొమ్మిది గంటలకి మించదు. అందులో పొద్దుటి రెండు గంటలే బంగారం, ఎందుకంటే నేపుల్స్ నుంచి, ఎదుటి ఒడ్డునున్న సొరెంటో ఊరి నుంచి వచ్చే గుంపులు తొమ్మిదిన్నర తర్వాతే ఒకదాని మీద ఒకటి దిగుతాయి. గుహలో వెలుగు బాగుండేది మిట్టమధ్యాహ్నం చుట్టుపక్కల, గుంపులూ అప్పుడే. పొద్దున్నే పోదామంటే ఆ నీలం ఇంకా పూర్తిగా పట్టదు. పైగా అల కాస్త లేచిందంటే గుహ మూసేస్తారు. మూస్తారో తెరుస్తారో ముందురోజు మీకెవరూ మాట ఇవ్వలేరు. ఉన్న ఒక్క రోజునీ తీసుకెళ్లి సముద్రం మూడ్‌కి కట్టెయ్యడం ఏం ప్లానింగు? దీవిలో రెండు మూడు రాత్రులుండేవాళ్లు నిక్షేపంగా చూడండి, ఇవాళ కాకపోతే రేపు. మనలాంటివాళ్లకి కాదు.

ఇక్కడ రెండో వర్గం వాళ్లు లేస్తారు. అసలు ఒక్కరోజు వెళ్లడమే దండగ, కాప్రి అందం ఆఖరి పడవ వెళ్లిపోయాకే, రాత్రి ఉండాల్సిందే అంటారు. ఇటాలియన్లకి మనలాంటి యాత్రికుల కోసం ఒక మాటే ఉంది, "మోర్ది ఎ ఫుజ్జి" అని. కొరుక్కుని పరిగెత్తేవాళ్లన్నమాట. రాత్రి ఉండమనేవాళ్లు వేసవిలో అక్కడి హోటలు గది అద్దె కూడా చెప్పి ఉండమంటే మర్యాదగా ఉండేది. ఐదుగురికి రెండు గదులు లెక్కేసి చూశాను, ఆ డబ్బుతో రాజమండ్రి వెళ్లి రావచ్చు.

కానీ దీవివాళ్ల విసుగులో న్యాయం లేకపోలేదు. కాప్రి విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్ల పైన ఒక పిసరు. కాప్రి, అనాకాప్రి రెండూళ్లూ కలిపి పద్నాలుగు వేలలోపు జనాభా. వేసవిలో ఒక్కోరోజు అంతకన్నా ఎక్కువమంది యాత్రికులే దిగుతారు. 2024 జూన్‌లో ఏమైందో గుర్తుందా? ప్రధాన భూభాగం నుంచి నీళ్లు తెచ్చే వ్యవస్థలో పైపు చెడిపోయి దీవిలో కుళాయిలు ఆగిపోయాయి. మేయరు వెంటనే ఉత్తర్వు ఇచ్చాడు: ఊరివాళ్లు తప్ప యాత్రికులెవరూ దిగకూడదు. అప్పటికే బయల్దేరిన పడవలు వెనక్కి తిరిగాయి. నిషేధం తొందరగానే ఎత్తేశారు, కానీ దీవి ఎంత సన్నటి గొట్టం మీద బతుకుతోందో అందరికీ తెలిసింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దిగే ప్రతి మనిషి దగ్గరా తీసుకునే రుసుము రెండున్నర యూరోల నుంచి 5కి పెంచారు. పడవ టికెట్లోనే కలిపేస్తారు. నేను దానికి సణగను. ఇంట్లో నీళ్ల బిందె మోసినవాడికి ఆ 5 యూరోలు ఎందుకో చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి రెండో ప్రయాణంలోకి వస్తాను. మరుసటేడు అక్టోబరు. ఈసారి నాన్న, నేను ఇద్దరమే. "ఆ పడవలో నేను రాను బాబూ" అని అమ్మ నేపుల్స్‌లోనే ఉండిపోయింది, కోడలికీ మనవరాలికీ పిజ్జా తోడు. షీటు లేదు. మూడే మూడు అనుకున్నాం: పొద్దున ఒక గుట్ట, మధ్యాహ్నం ఒక తోట, సాయంత్రం ఒక మెట్లదారి. నేపుల్స్‌లోని బెవెరెల్లో రేవు నుంచి పొద్దుటి మొదటి హైడ్రోఫాయిల్, యాభై నిమిషాలు. ఫ్యూనిక్యులర్ (1907 నుంచి నడుస్తోంది) పైకి తెచ్చి పియాట్సెట్టా దగ్గర దింపింది. ఆ చిన్న చౌకులో కుర్చీలు ఇంకా సర్దుతున్నారు. నిలబడి కాఫీ తాగాం. ఇటలీ అంతటా కౌంటరు దగ్గర నిలబడితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. పియాట్సెట్టాలో ఆ రెండింటి మధ్య దూరం మరీ ఎక్కువ. కుర్చీ చూపించినా కూర్చోకండి.

అక్కడి నుంచి మేం అనుకున్న గుట్ట, విల్లా యోవిస్‌కి ముప్పావుగంట నడక, అంతా ఎగువే. వియా తిబేరియో అనే సందు అది, కార్లు దూరవు. రెండు పక్కలా నిమ్మచెట్లు, గోడల మీంచి వేలాడే కాగితంపూలు, గేటుకో కుక్క. సామాను మోసే చిన్న బ్యాటరీ బండి ఎదురైతే గోడకి అతుక్కోవాలి. నాన్నకి అరవై తొమ్మిది. నాలుగుచోట్ల ఆగారు, ఆగిన ప్రతిచోటా నేను అలిసిపోయానేమోనని అడిగారు.

పైన, సముద్రానికి 330 మీటర్ల ఎత్తున, రోమ్ చక్రవర్తి టిబేరియస్ కట్టించుకున్న భవనం శిథిలాలున్నాయి. క్రీ.శ. 27లో దీవికి వచ్చాడు, 37లో చనిపోయేదాకా రోమ్‌లో మళ్లీ అడుగు పెట్టలేదు. పదేళ్లపాటు మధ్యధరా ప్రపంచాన్నంతా ఈ గుట్ట మీంచి ఉత్తరాలతో ఏలాడు. ఎందుకు ఇక్కడికే అంటే, పడవ ఆగే చోట్లు దీవికి ఒకటో రెండో ఉన్నాయి, ఎవడొస్తున్నాడో కొండ మీంచి కనబడుతుంది. ఇంత భవనం నడిమధ్యలో ఏముంటుందనుకుంటాం? కొలువుకూటం అనుకుంటాం. నీళ్ల తొట్లున్నాయి. పెద్ద పెద్ద రాతి తొట్లు నాలుగు, కప్పుల మీద పడ్డ ప్రతి చుక్కనీ పట్టి దాచడానికి. స్నానశాలలు, వంటిళ్లు, చక్రవర్తి గదులు అన్నీ ఆ తొట్ల చుట్టూ కట్టారు. రెండు వేల ఏళ్ల కింద లోకాన్ని ఏలినవాడికి కూడా కాప్రిలో మొదటి సమస్య నీళ్లే! నాన్న ఆ తొట్టి గోడ మీద చెయ్యి వేసి, "సున్నం పని బాగా చేశార్రా" అన్నారు. పంచాయతీరాజ్‌లో ఇంజినీరుగా చేసిన మనిషి, ఆయనకి రోమ్ సామ్రాజ్యం అక్కడ అర్థమైంది.

రోమన్ చరిత్రకారుడు సువెటోనియస్ రాసిన కథ ఒకటి అక్కడ కూర్చునే చెప్పాను. టిబేరియస్ దీవికి వచ్చిన కొత్తలో ఒక జాలరి పెద్ద చేప పడిందన్న సంబరంతో, దారి లేని కొండ వెనకవైపు నుంచి పాక్కుంటూ ఎక్కి, చక్రవర్తి ఎదట నిలబడి కానుక ఇచ్చాడట. వీడు ఇటునుంచి రాగలిగాడంటే ఇంకెవడైనా రాగలడని భయపడిన టిబేరియస్ ఆ చేపతోనే వాడి మొహం రుద్దించాడు. జాలరి ఆ బాధలో కూడా, నయం, నాకు పడిన పెద్ద పీత తేలేదు అన్నాడట. టిబేరియస్ ఆ పీతనీ తెప్పించి దాంతోనూ రుద్దించాడు. రాసినవాడు టిబేరియస్ పోయాక ఎన్నో దశాబ్దాలకి రాశాడు, పైగా చెడ్డ కబుర్లంటే చెవి కోసుకునే మనిషి. నిజమో కాదో గానీ, పిలవకుండా గుట్టెక్కిన మా ఇద్దరికీ ఆ జాలరి మీద జాలి కలిగింది. ఉదయం తొమ్మిదిన్నరకి అక్కడ మాతో కలిపి పదిమంది కూడా లేరు. కింద రేవులోకి పడవలు వరసగా వస్తున్నాయి. తెల్లటి గీతలు లాక్కుంటూ, ఒకటి, రెండు, మూడు. కొన్ని అటునుంచటే గుహ వైపు తిరిగాయి. ఒక గీతని చూపించి నాన్న, "అదిగో, పోయినేడు మనం" అన్నారు.

(విల్లా యోవిస్ వారంలో అన్ని రోజులూ తెరవరు, కాలాన్నిబట్టి వేళలు మారతాయి. నా వాదన విని వెళ్లి తాళం చూసి నన్ను తిట్టుకోకండి, ముందు చూసుకోండి.)

దారిలో బెంచీ మీద పులిహోర తిన్నాం. నీళ్లు నేపుల్స్‌లోనే నింపుకుని వచ్చాం, 2024 తర్వాత అది నా నియమం. మధ్యాహ్నం అగస్టస్ తోట. పేరు రోమ్ చక్రవర్తి అగస్టస్‌దే గానీ, వేయించింది జర్మనీ ఉక్కు, ఫిరంగుల వ్యాపారి ఫ్రీడ్రిష్ ఆల్ఫ్రెడ్ క్రుప్. తోట గోడ దగ్గర నిలబడితే ఎడమ పక్క ఫరాల్యోని బండలు కనిపిస్తాయి, సముద్రంలోంచి నిలువునా లేచిన మూడు రాళ్లు, పెద్దది 109 మీటర్లు. కాలి కింద వియా క్రుప్. 1900కీ 1902కీ మధ్య ఆయన సొంత డబ్బుతో కొండని తొలిపించిన బాట, పాము మెలికల్లా ఒకదాని కింద ఒకటి మడతలు పడుతూ సముద్రం దాకా దిగుతుంది. రాళ్లు దొర్లుతాయని దీన్ని ఏళ్ల తరబడి మూసే ఉంచారు. అదే తోటలో, ఫిరంగుల వ్యాపారి తోటలో, తెల్ల పాలరాతి మీద లెనిన్ ఉన్నాడు! చెక్కింది జాకొమో మాంత్సూ. వాటికన్‌లో సెయింట్ పీటర్స్‌కి కంచు తలుపు చేసిన శిల్పి కూడా ఈయనే. క్రుప్, లెనిన్, పోప్, ముగ్గురూ ఒక్క తోటలో ఇరుక్కున్నారు.

తోట పక్కనే, ఇప్పుడు హోటలైపోయిన విల్లా బ్లేసుస్. 1905 విప్లవం అణిగిపోయాక రష్యా వదిలిన గోర్కీ, చెడిపోయిన ఊపిరితిత్తులతో 1906లో కాప్రికి వచ్చి మొదట కాపురం పెట్టింది అందులోనే. ఇళ్లు మారుతూ 1913 దాకా ఈ దీవిలోనే ఉన్నాడు. లెనిన్ 1908లో, మళ్లీ 1910లో ఆయన దగ్గరికి వచ్చాడు. లెనిన్, ఇంకో రష్యన్ విప్లవకారుడు బొగ్దానోవ్ చదరంగం ఆడుతుంటే గోర్కీ చూస్తున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు, అది కాప్రిలో తీసిందే. ఇక్కడి జాలర్లు లెనిన్‌కి కర్ర లేకుండా ఉత్త దారంతో చేపలు పట్టడం నేర్పారు. చేప కొరికినప్పుడు వేలికి "ద్రిన్ ద్రిన్" మని తెలుస్తుందని చెబితే, మొదటి చేప పడగానే ఆయన చిన్నపిల్లాడిలా ద్రిన్ ద్రిన్ అని అరిచాడట. ఆ రోజు నుంచి ఆయన్ని సిన్యోర్ ద్రిన్-ద్రిన్ అనే పిలిచారు.

మా ఇంట్లో గోర్కీ మాస్కో ప్రగతి ప్రచురణల రూపంలో ఉండేవాడు, గట్టి అట్ట, చవక ధర, విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో కొన్నవి. నాన్న ఆ హోటలు గోడ బయట పావుగంట నిలబడ్డారు. ఫొటో తీయనా అంటే వద్దన్నారు. కాసేపయ్యాక, "ఊపిరితిత్తులు బాగులేనివాడు ఇన్ని మెట్లున్న ఊరు ఎందుకు ఎంచుకున్నాడో" అన్నారు. అదీ నిజమే.

కుర్చీల లిఫ్టు గురించి ఒక్క మాట, దాన్ని మేం ఈసారి వదిలేశాం గానీ చెడ్డదేం కాదు. అనాకాప్రి నుంచి 589 మీటర్ల మోంతే సొలారో శిఖరానికి పన్నెండు పదమూడు నిమిషాల్లో తీసుకెళ్తుంది, ఒంటి కుర్చీలు. గుట్టెక్కలేనివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు విల్లా యోవిస్ బదులు దీన్ని పెట్టుకోండి. కాకపోతే కదులుతున్న కుర్చీలో గబుక్కున కూర్చోవాలి, చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు జాగ్రత్త. అనాకాప్రిలో మేం చూసింది ఒక చిన్న చర్చి నేల మాత్రమే. సాన్ మికేలె చర్చిలో నేలంతా రంగుల పలకలతో 1761లో పరిచిన ఏదెను తోట. ఆదాము, హవ్వ వెళ్లిపోతుంటే ఏనుగు, ఒంటె, మొసలి, ఎన్నో జంతువులు నిలబడి చూస్తుంటాయి. నేల తొక్కనివ్వరు, గోడ వెంబడే నడిచి చూడాలి.

తిరుగుదారికి బస్సెక్కలేదు. అనాకాప్రి నుంచి రేవుకి స్కాలా ఫెనీచా అనే పాత మెట్లదారి ఉంది. పేరులో ఫినీషియన్లున్నారు గానీ, తొలిచింది పాతకాలపు గ్రీకులంటారు. 921 మెట్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బండి దారి వేసేదాకా రెండూళ్ల మధ్యా ఇదే ముఖ్యమైన దారి. రేవులో దిగిన ప్రతి బస్తా, ప్రతి మూట ఆడవాళ్ల నెత్తి మీద ఈ మెట్లెక్కింది. సాయంత్రం ఎండ పక్కనించి పడుతోంది. కింద నేపుల్స్ అఖాతం, ఎదురుగా వెసూవియస్ అగ్నిపర్వతం. మధ్యలో ఒక మలుపులో తారు రోడ్డు మా తల మీదుగా పోతోంది. ఆ రోడ్డు మీద బస్సు, బస్సు నిండా నిలబడ్డ జనం, మేం కింద నుంచి చెయ్యి ఊపాం. నాన్న మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగారు. 640 దగ్గర ఒక పిల్లి అడ్డం వచ్చి లెక్క పోయింది, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టారు.

పడవ టికెట్ల సంగతి రెండు ముక్కలు: వేసవిలో తిరుగు టికెట్టు ముందే కొనుక్కోండి, సాయంత్రపు పడవలు నిండిపోతాయి. ఆఖరి పడవకి మాత్రం కొనకండి, దాని ముందుదానికి కొనండి. గాలి లేస్తే మొదట ఆగిపోయేవి హైడ్రోఫాయిళ్లే, పెద్ద ఫెర్రీలు ఇంకాసేపు నడుస్తాయి. కడుపులో తిప్పేవాళ్లకి కూడా గంటా ఇరవై నిమిషాలు పట్టే ఆ ఫెర్రీయే మంచిది. అయితే అది బెవెరెల్లో నుంచి కాదు, పక్కన కలాతా పోర్తా ది మాస్సా రేవు నుంచి.

ఎనిమిదింటికి నేపుల్స్‌లో గది తలుపు తట్టాం. అమ్మ టీ పెట్టి సిద్ధంగా ఉంది. నాన్న బూట్లు విప్పకుండానే మొదలెట్టారు: చక్రవర్తి నీళ్ల తొట్లు, గోర్కీ ఇల్లు, తొమ్మిదివందల ఇరవై ఒక్క మెట్లు. అమ్మ అంతా విని, "తొమ్మిదివందలేనా? అలిపిరిలో మూడువేల ఐదువందల యాభై. దాన్లో నాలుగో వంతు" అంది. కప్పు ఆయన చేతికిస్తూ, "అదీ దిగారు" అంది.